అతిథి వరుస

మక్పాల్ ముందు పెట్టిన టీ గిన్నె అంచుదాకా నిండి ఉంది.

ఆ ఇంట్లోనే కాదు, అల్మాటీలో ఏ ఇంట్లోనూ అయినవాళ్ళకి అలా పొయ్యరు. సగం గిన్నె పోస్తారు. తాగేశాక మళ్ళీ సగం. సగం గిన్నెకి "ఇంకాసేపు కూర్చో" అని అర్థం. నిండు గిన్నెకి "తాగేసి దయచెయ్యి" అని అర్థం. పైగా టీ పొయ్యడం కోడలి పని. నాలుగేళ్ళుగా ఆ కెటిల్ని మక్పాల్ చేతిలోంచి ఎవరూ తీసుకోలేదు. ఇవాళ గురువారం పొద్దున్నే అత్తగారు బాతిమా దాన్ని తన ముందుకి లాక్కుని, ఒక్క చుక్క కింద పడకుండా అంచుదాకా నింపి, కోడలి ముందుకి తోసింది.

ఎల్దోస్ గిన్నె వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూడబోయి సెల్‌ఫోన్ వైపు చూశాడు.

"ఏమైనా చెప్పాలనుకుంటున్నారా అత్తయ్యా?" అంది మక్పాల్.

"నేనేం చెప్తానమ్మా! చెప్పేవాళ్ళు, రాసేవాళ్ళు, అచ్చేసేవాళ్ళు మీరు. మేం టీ పోసేవాళ్ళం."

బాతిమా వేయించిన పిండిముద్దల, బౌర్సాక్‌ల పళ్ళెం ఎత్తి, దాని కిందనుంచి కాగితాలు లాగింది. మక్పాల్ వ్యాసం ప్రూఫులు. రాత్రి బల్లమీద మర్చిపోయింది. మొదటి పేజీ మీద గుండ్రంగా నూనె మరక పడింది. మూడో పేజీలో రెండు వాక్యాల కింద పెన్సిల్ గీత ఉంది. ఆ గీత మక్పాల్ గీసింది కాదు.

"ఇంగ్లీషు నాకు రాదనుకున్నావా? ముప్పై ఏళ్ళు ఆ ల్యాబులో ఉన్నాను." కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "'1984లో ప్రచురించిన చిత్రానికి...'" పేరు వచ్చినచోట ఒకసారి దగ్గి, దాటేసి ముందుకి పోయింది. "'...చెప్పిన అర్థం సరికాదు. అక్కడ అదనపు వరుస లేదు.' ఇది నువ్వు రాసిందేనా?"

"నేను రాసిందే."

"పేరు పెట్టి!"

"అత్తయ్యా..."

"మామగారి పేరు పెట్టి! పెళ్ళయి నలభై ఏళ్ళయింది, ఇవాళ్టికీ నా నోట ఆ పేరు రాలేదు. ఎల్దోస్ వాళ్ళ నాన్న అంటాను. ఇంటాయన అంటాను. నువ్వు ఏకంగా లోకం అంతా చదివేట్టు అచ్చులో పెట్టావా?"

ఆ పేరు ఒరాజ్‌బెక్. స్ఫటికాల శాస్త్రంలో ఆ దేశంలో అంత పేరున్న మనిషి ఇంకొకరు లేరు. ఆ అదనపు పరమాణువుల వరుసకి 'అతిథి వరుస' అని పేరు పెట్టింది ఆయనే. ఎల్లుండి శనివారం ఆయన డెబ్బయ్యో పుట్టినరోజు విందు, తోయ్. రెండు వందలమంది వస్తున్నారు.

"ఇంట్లో నా నోట ఎప్పుడైనా వచ్చిందా ఆ పేరు?" అంది మక్పాల్. "శాస్త్రంలో పేరు రాయకుండా కుదరదు కదా."

"'మా మామగారు సెలవిచ్చినట్టు' అని రాయి," అన్నాడు ఎల్దోస్, వాతావరణం చల్లబడుతుందేమోనని.

ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి అతనికేసి చూశారు. ఎల్దోస్ బౌర్సాక్ నోట్లో కుక్కుకున్నాడు.

ఎల్దోస్ పళ్ళ డాక్టరు. మంచివాడు, మెత్తనివాడు. ఇంటికి ఆఖరి కొడుకు, కాబట్టి ఆచారం ప్రకారం తల్లిదండ్రులతో ఉండాల్సినవాడూ అతనే. పెళ్ళాం ఒక పక్క, తల్లి ఒక పక్క అయితే అడకత్తెరలో పోకచెక్కలా నలగడం అతనికి అలవాటే. కానీ ఇవాళ్టి అడకత్తెర కాస్త పదునైంది.

"రెండు రోజులాగలేవా మక్పాల్? తోయ్ అయిపోనీ."

"రేపు మధ్యాహ్నం పన్నెండుకల్లా ప్రూఫు పంపాలి. పంపాక అక్షరం కదలదు."

"అయితే ఆ రెండు వాక్యాలూ తీసెయ్. ఇంకా పదమూడు పేజీలున్నాయిగా!"

"నీ దగ్గరికి వచ్చినవాడి దవడపన్ను పుచ్చిపోయి ఉంది. వాళ్ళింట్లో ఎల్లుండి పెళ్ళి. పన్ను నిక్షేపంలా ఉందని చెప్పి పంపిస్తావా?"

"పన్ను వేరు, నాన్న వేరు."

"పన్ను రేపు నొప్పి పుట్టి నీ గుట్టు బయటపెడుతుంది. స్ఫటికం నోరెత్తదు. అంతే తేడా."

బాతిమా లేచి కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్ళో నీలం మఖమల్ చపాను పరుచుకుంది. తోయ్‌లో పెద్దమనిషి భుజాలమీద కప్పే పొడుగాటి అంగీ అది. దాని వీపంతా తెల్లపూసలు కుడుతోంది మూడు నెలలుగా. భర్తకి పేరు తెచ్చిన ఫొటోనే పూసల్లో దించుతోంది. ఎటు చూసినా తెల్లచుక్కల వరుసలు. మధ్యలో మాత్రం సుద్దగీత ఒకటి గీసి ఉంది, దానిమీద ఇంకా పూస పడలేదు. ఇంత కుట్టి అసలైన వరుస ఆఖరికి ఉంచుకుంది కాబోలు అనుకుంది మక్పాల్. వరుసల్లో ఖాళీ ఎక్కడుందో వెతకడమే ఆమె ఉద్యోగం. కన్ను ఊరుకోదు.

"టీ చల్లారిపోతోంది," అంది బాతిమా తలెత్తకుండా.

"చల్లారనివ్వండి. నాకేం తొందర లేదత్తయ్యా. నేనెక్కడికీ వెళ్ళడం లేదు."

ఆ మాట అన్న గొంతులో పొగరు లేదు, భయం కూడా లేదు. బాతిమాకి ఒళ్ళు మండింది అందుకే.

అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది.

ఒరాజ్‌బెక్ పొద్దున్న నడకనుంచి వచ్చాడు. చంకలో వేడివేడి రొట్టె. టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు. బల్లమీద కాగితాలు చూశాడు, నిండు గిన్నె చూశాడు. ఆయన కూర్చుని, కోడలి గిన్నె ఎత్తి, అందులో సగం తన ఖాళీ గిన్నెలోకి వొంపుకున్నాడు. మిగిలిన సగం మళ్ళీ ఆమె ముందు పెట్టాడు.

బాతిమా సూదిలోంచి దారం జారిపోయింది.

ఆయన ప్రూఫు తీసుకున్నాడు. మూడో పేజీ తీశాడు. చదవడానికి నిమిషం చాలు. ఆయన అయిదు నిమిషాలు చూశాడు.

"అయితే నా అతిథి రాలేదంటావు," అన్నాడు.

"రాలేదు మామయ్యగారూ."

"రుజువు?"

"ఉంది."

"మాటలొద్దు. చూపించు. పద."

*

పరిశోధన సంస్థ గేటు దాటాక మక్పాల్ "మామయ్యగారూ, మెట్లు జాగ్రత్త" అంది.

"ఇక్కడ మామయ్యేంటి? ఇక్కడ మాస్టారిని."

నిజమే. కోడలు కాకముందు, ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఆరేళ్ళు ఆమె ఆయన శిష్యురాలు. పరమాణువుని చూడ్డం నేర్పింది ఆయనే. రిటైరై తొమ్మిదేళ్ళయినా, చీకటి గదిలోకి అడుగుపెట్టగానే ఆయన నడుం నిటారుగా అయింది. కొత్త మైక్రోస్కోపు చుట్టూ ఒకసారి తిరిగాడు. పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా వెనకనుంచి కూడా చూశాడు.

"మాటలొద్దన్నానుగా. వెయ్యి."

మక్పాల్ తెరమీద బొమ్మ వేసింది. అదే టంగ్‌స్టన్ స్ఫటికం. ఆయన 1984లో పెంచిన ముక్కలోంచే గోరంత తీసి పల్చగా అరగదీసింది. నల్లటి నేలమీద తెల్లచుక్కలు బారులు తీరి ఉన్నాయి. ఈ కొత్త పద్ధతిలో మోసం లేదు. బరువైన పరమాణువు ఎక్కడుంటే అక్కడే వెలుగు, లేనిచోట చీకటి. బారుల మధ్యలో ఒకచోట వెలుగు లేదు. ఒక వరుస మొత్తం లేదు.

ఒరాజ్‌బెక్ తెరకి దగ్గరగా జరిగాడు. వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు.

"ఖాళీ," అన్నాడు.

"ఖాళీయే మాస్టారూ."

"ఇప్పుడు పాత పద్ధతిలో చూపించు. మేం చూసినట్టు."

ఆమె మీట మార్చింది. బొమ్మ మసకబారి మళ్ళీ తేరుకుంది. ఫోకస్ కుడివైపు తిప్పింది. పరమాణువులు తెల్లగా వచ్చాయి, ఖాళీ వరుస నల్లగా ఉంది. నెమ్మదిగా ఎడమవైపు తిప్పింది. చుక్కలన్నీ తారుమారయ్యాయి. పరమాణువులు నల్లబడ్డాయి, వాటి మధ్య సందులు తెల్లగా వెలిగాయి. ఆ తెల్లటి సందుల బారుల మధ్య, పరమాణువులు ఊడిపోయిన చోట, ఇంకో తెల్లటి వరుస వచ్చి కూర్చుంది.

అచ్చం 1984 ఫొటోయే. పాఠ్యపుస్తకంలో ఉన్నది, సంస్థ ముంగిట్లో రాతిమీద చెక్కింది, ఎల్లుండి కేకు మీద మీగడతో పెట్టబోయేది.

"సందుల్ని పరమాణువులనుకుంటే ఖాళీ కుర్చీ అతిథిలా కనిపిస్తుంది," అంది మక్పాల్ మెల్లగా. "అంతే జరిగింది."

"మళ్ళీ తిప్పు," అన్నాడు. కుడికి. "మళ్ళీ." ఎడమకి. అలా పదిసార్లు తిప్పించాడు. మక్పాల్ ఆయన ముఖంకేసి చూడకుండా చెప్పినన్నిసార్లూ తిప్పింది. కంటికి కనిపిస్తున్నదాన్ని కాదనడం ఆమెకి చేతకాదు. చేతకాకుండా చేసింది కూడా ఆయనే.

"అయితే ఒక్క చిక్కుంది," అన్నాడు ఆఖరికి.

గోడ అలమరా తెరిచి, అట్టలు చివికిపోయిన రిజిస్టర్లలోంచి ఒకటి తీశాడు. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఏది ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. 1984 ఫిబ్రవరి. నీలం సిరాతో ముత్యాల్లాంటి రాత.

"ఫొటో ప్లేటు నాలుగు వందల పదిహేడు. చదువు."

మక్పాల్ చదివింది. "'ఫోకస్ నాబ్ కుడికి, ఆరు గీతలు.'"

"కుడికి తిప్పితే?"

"పరమాణువులు తెల్లగా."

"తెల్లగా! నేను గాలిలో మేడ కట్టలేదమ్మాయ్. రిజిస్టరు చూసే తెల్లచుక్క పరమాణువన్నాను. ఇది రాసిందెవరో తెలుసా?"

ఆమెకి తెలుసు. ఆ రాతతోనే వంటింట్లో పచ్చళ్ళ సీసాల మీద చీటీలుంటాయి.

"మీ అత్తయ్య. అప్పుడు మైక్రోస్కోపు ఆవిడ చేతికిందే ఉండేది. ఇరవై అయిదేళ్ళ పిల్ల. ఆ చెయ్యి ఎన్నడూ తప్పు రాయలేదు. కావాలంటే నన్ను అబద్ధాలకోరను, ఆవిణ్ణి అనకు."

"తప్పు రాశారని నేననను."

"మరి రిజిస్టరు కుడి అంటోంది, నీ తెర ఎడమ అంటోంది. రెండూ నిజం కాలేవుగా."

ఈ చిక్కు మక్పాల్‌కి మూడు నెలలుగా తెలుసు. రిజిస్టరు ఆమె ఎప్పుడో చూసింది. ఇది వదిలేసి, తెర చాలనుకుంది. ఆ అనుకోవడంలో కొంచెం బద్ధకం ఉందని ఇప్పుడు తెలిసింది.

ఒరాజ్‌బెక్ రిజిస్టరు ఆమె చేతిలో పెట్టాడు. "తెలియనిది మిగుల్చుకుని తెలిసినట్టు అచ్చెయ్యకూడదని నీకు నేర్పానా లేదా?"

"నేర్పారు."

"రేపు పన్నెండులోగా ఈ గీతల సంగతి తేల్చు. తేల్చావా, శనివారం రెండు వందలమంది ముందు మైకు పట్టుకుని నేనే చెప్తాను, నా అతిథి రాలేదని. తేల్చలేదా, ఆ రెండు వాక్యాలూ తీసెయ్. పౌరుషానికి కాదు. పద్ధతికి."

"సరే మాస్టారూ," అంది మక్పాల్. ఆయన అడిగింది న్యాయం. దాన్ని కాదనడానికి ఆమెకి నోరు రాలేదు.

*

శుక్రవారం పదకొండయింది. వంటింట్లో నూనె సలసలా కాగుతోంది. కెటిల్ ఇంకా బాతిమా పక్కనే ఉంది, జప్తు చేసిన సామానులాగ. ఆవిడ ఒక చేత్తో బౌర్సాక్‌లు తీస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని హాలువాళ్ళ మీద కేకలేస్తోంది. గొర్రె తలలు ఎన్ని, గుర్రం మాంసం ఎంత, ఏ వియ్యంకుడు ఎక్కడ కూర్చోవాలి. ఫోను పెట్టేసి, స్టవ్వు కట్టేసి, చేతులు కడుక్కుని, చపాను ఒళ్ళోకి తీసుకుంది.

మక్పాల్ వార్తాపత్రికలో చుట్టిన రిజిస్టరు బల్లమీద పెట్టి విప్పింది.

బాతిమా చూసింది. కళ్ళజోడు తీసి తలగుడ్డ కొసతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. కానీ పేజీ మీదకి వంగలేదు.

"ఇదెక్కడిది నీకు?"

"మామయ్యగారే ఇచ్చారు. మీ చెయ్యి ఎన్నడూ తప్పు రాయలేదన్నారు."

సూది ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"అన్నారా? నాతో మాత్రం ఎప్పుడూ అనలేదు."

"అత్తయ్యా, నాలుగు వందల పదిహేడో ప్లేటు. నాబ్ కుడికి, ఆరు గీతలు."

"అయితే?"

"ఆ రోజు మీకేమైనా గుర్తుందా?"

"నలభై ఏళ్ళ కిందటి మాట. నిన్న నేనేం కూర వండానో చెప్పు చూద్దాం."

"బంగాళాదుంప."

"నీకు నోరు ఎక్కువ."

"అత్తయ్యా, మీరు తప్పు రాశారని నేననడంలేదు. కుడికే తిప్పారు, కుడి అనే రాశారు. నేను అడిగేది ఒక్కటే. ఆ రోజు కుడికి తిప్పితే ఏమయింది?"

బాతిమా సూదికి ఇంకో పూస ఎక్కించింది. అత్తగారు తిట్టినా మక్పాల్ భరించగలదు. నాలుగేళ్ళలో తిట్లు చాలానే తిన్నది, తిన్నన్ని తిరిగి ఇచ్చింది కూడా. ఈ మౌనం మాత్రం కొత్తది. అయినా ఆమె కదల్లేదు.

"నా చేతిరాతని కూడా బోనులో నిలబెడతావన్నమాట," అంది బాతిమా చివరికి. "మామగారు అయిపోయారు, ఇప్పుడు నేను."

"నేను అడుగుతున్నాను. అంతే."

"అడక్కు."

గుమ్మంలో ఒరాజ్‌బెక్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలీదు. రేపటికోసం ఇస్త్రీ చేసిన చొక్కా చేతిలో ఉంది. ఆయన వెనక ఎల్దోస్, ఇవాళ క్లినిక్కి వెళ్ళలేదు.

"తేలిందా అమ్మాయ్?"

మక్పాల్ గడియారం చూసింది. పదకొండు ఇరవై.

"తేల్లేదు మాస్టారూ."

"ఇక్కడ మామయ్యని."

"తేల్లేదు మామయ్యగారూ. మాటంటే మాటే."

ల్యాప్‌టాప్ తెరిచింది. ప్రూఫు తీసింది. మూడో పేజీ. ఖాళీ ఉందని ఆమెకి ఎంత తెలుసో, దాన్ని ఇవాళ రాయకూడదనీ అంతే తెలుసు. ఏడుపు రాలేదు. ఈ రిజిస్టరు సంగతి ఏదో ఒకరోజు తేలుస్తుంది, అప్పుడు పేరు పెట్టి మరీ రాస్తుంది. మొదటి వాక్యం మీద గీత పడింది. అది ఎర్రగా మారింది. రెండో వాక్యం దగ్గరికి వచ్చింది.

ఎల్దోస్ ఊపిరి వదిలాడు. పాము చావలేదు, కర్రా విరగలేదు. "హమ్మయ్య, ఇంక టీ తాగుదాం," అన్నాడు.

"ఆగు," అంది బాతిమా.

టీ సంగతి కాబోలనుకుని ఎల్దోస్ ఆగాడు. ఆవిడ చూస్తున్నది కొడుకుని కాదు, కోడలి వేలిని.

"కొట్టెయ్యకు. ఆ నెల నాబ్ తిరగేసి ఉంది."

మక్పాల్ వేలు వెనక్కి తీసుకుంది.

"జనవరిలో మిషను పాడయింది. లెనిన్‌గ్రాడ్ నుంచి మెకానిక్ వచ్చాడు, గెన్నాదీ అని. తాగుబోతే, కానీ చేతిలో పనితనం ఉండేది. అన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. పళ్ళచక్రం తిరగేసి బిగించాడని అప్పుడెవరికీ తెలీదు. కుడికి తిప్పితే లోపల ఎడమకి పోయేది." బాతిమా గొంతు రిజిస్టరు చదువుతున్నంత మామూలుగా ఉంది. "నేను కుడికే తిప్పాను. కుడి అనే రాశాను. ఏప్రిల్లో ఇంకో పనిమీద, వరుసలు ముందే తెలిసిన ఉప్పుబిళ్ళ ఒకటి చూస్తుంటే బయటపడింది. నేనే స్క్రూడ్రైవరు పట్టుకుని సరిచేశాను."

"ఏప్రిల్లో," అన్నాడు ఒరాజ్‌బెక్.

"ఏప్రిల్లో. అప్పటికి మీ వ్యాసం మాస్కో వెళ్ళిపోయింది. అక్కడినుంచి ఫోనొచ్చింది. డైరెక్టరు గొర్రెని కోయించాడు. అందరూ మిమ్మల్ని భుజాలమీద ఎత్తుకున్నారు. అదే వారం మీవాళ్ళు మా నాన్న దగ్గరికి నన్ను అడగడానికి వచ్చారు." ఇక్కడ మాత్రం ఆవిడ గొంతు తడబడింది. "చెబితే పెళ్ళి ఆగిపోతుందనుకున్నాను. ఆ తర్వాత, పెళ్ళయిందిగా ఇప్పుడెందుకనుకున్నాను. ఆ తర్వాత పుస్తకాల్లోకెక్కింది. లోకంలో ఇంతమంది తెలివైనవాళ్ళున్నారు, ఎవడో ఒకడు కనిపెట్టకపోతాడా అని నలభై ఏళ్ళు చూశాను. ఎవడూ కనిపెట్టలేదు. ఆఖరికి కనిపెట్టింది నా ఇంటి కోడలు!"

"అందుకా నిన్న నిండు గిన్నె?" అంది మక్పాల్.

"అందుకే. పేరు రాశావని కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను. భయమేసింది. నిన్ను వెళ్ళగొడితే నిజం కూడా పోతుందనుకున్నాను, బుద్ధిలేక."

ఒరాజ్‌బెక్ చొక్కా కుర్చీ మీద పడేసి కూర్చున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అలాంటి ముఖం ఎల్దోస్ చిన్నప్పట్నుంచీ ఎప్పుడూ చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు బాతిమా?"

"మీరు అడిగారా?"

"అడగాలా?"

"ఆ! అడగాలి. రిజిస్టరు చూశారు. అందులో గీతలు లెక్కపెట్టారు. దాన్ని రాసిన మనిషి మీ పక్కనే నలభై ఏళ్ళు పడుకుంది. ఒక్కనాడు 'బాతిమా, ఆ రోజు మిషను ఎలా ఉంది' అని అడిగారా? వ్యాసం చివర ఫొటో తీసింది ఫలానా అని ఒక్క ముక్క రాశారా? నా చెయ్యి తప్పు రాయదని ఊరందరికీ చెప్తారట! నన్ను అడిగింది ఇది." గరిటె పట్టుకునే చేత్తో కోడలి వైపు చూపించింది. "ఇదే మొదటిసారి. అడక్కు అన్నా అడిగింది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, గెలిచేదాన్నే. ఏం చెయ్యను, అది మాటమీద నిలబడి కొట్టేస్తోంటే చూడలేకపోయాను."

మక్పాల్‌కి ఇప్పుడు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆమె గీత కొట్టిన వాక్యాన్ని మళ్ళీ మామూలుగా చేసింది. గడియారం పదకొండు ముప్పై అయిదు చూపిస్తోంది.

బాతిమా కెటిల్ ఎత్తి కోడలి ముందు పెట్టింది.

"పొయ్యి. నీ పనేగా."

మక్పాల్ నాలుగు గిన్నెల్లో సగం సగం పోసింది. ఎల్దోస్ తన గిన్నె గటగటా తాగేశాడు, నాలుక కాల్చుకున్నాడు. ఒరాజ్‌బెక్ తన గిన్నె ముట్టుకోలేదు.

"రేపు మైకు పట్టుకుని మీరే చెప్తారటగా," అంది బాతిమా. "మాటిచ్చారు. మంచిదే. మరి తప్పు ఎవరిదని చెప్తారు?"

మెకానిక్ పేరు చెప్పొచ్చు, ఆ మనిషి బతికున్నాడో లేదో. భార్య పేరు చెప్పొచ్చు. ఆమె పేరు ఆయన ఏ సభలోనూ ఇంతవరకూ పలకలేదు. తన పేరే చెప్పుకోవచ్చు. ఆయన ముందుకి వంగి, ఆవిడ ఒళ్ళోంచి చపాను తీసుకుని బల్లమీద పరిచాడు. నీలం మఖమల్ మీద పూసల బారులు కిటికీ వెలుగులో మెరిశాయి. మధ్యలో సుద్దగీత ఒంటరిగా ఉంది. ఆయన దానిమీద వేలు పెట్టి ఈ కొసనుంచి ఆ కొసదాకా నెమ్మదిగా తడిమాడు.

"తోయ్ రేపే," అన్నాడు. "ఈ వరుస ఇంకా కుట్టలేదు."

బాతిమా దారం పళ్ళతో కొరికి, సూదిని డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"కుట్టడం అయిపోయిందండీ. అక్కడ కుట్టడానికి వరుస లేదుగా."